ఉప్పుటేట్లో చీపురు

పడవ ఎక్కగానే పేరంటాలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. లోపల మెత్తటి కుర్చీలు, నేల మీద నీలం రంగు తివాచీ చూసి ఎక్కడ కాలు పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెప్పులేసుకోవచ్చమ్మా. ఎవరూ ఏమీ అనరు," అంది సత్యవేణి.

"నలభై ఏళ్ళు పడవలెక్కాను. ఒక్కనాడన్నా చెప్పులేసుకుని ఎక్కలేదు. ఇప్పుడెక్కితే గంగమ్మ ఏవనుకుంటాదే?"

పేరంటాలు కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో వచ్చి కాగితపు గ్లాసులో టీ ఇచ్చారు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, పడవలో తనకొకరు టీ ఇవ్వడమేమిటని నవ్వుకుంది. పెళ్ళయిన నాటినుంచీ కాకినాడ రేవులో చేపల గంపలెత్తిన మనిషి. కూతురు చదువుకుని సూక్ష్మజీవుల శాస్త్రవేత్త అయిందని తెలుసుగానీ, ఆ పని ఏమిటో ఆమెకు కళ్ళారా కనబడటం ఇవాళే.

పడవ జగన్నాథపురం వంతెన కింద నుంచి మెల్లగా బయలుదేరింది. నలభై మంది ప్రయాణికులు ఒక్కసారిగా కిటికీల వైపు వంగి ఫోటోలు తీసుకున్నారు. ప్రయోగశాల డైరెక్టరు కృపానందం మైకు పట్టుకుని లేచాడు.

"మూడేళ్ళ కిందట ఈ వంతెన మీద ముక్కు మూసుకోకుండా నడిచినవాళ్ళెవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి!"

అందరూ నవ్వారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

అప్పట్లో ఉప్పుటేట్లో నీళ్ళు కనబడేవి కావు. సీసాలు, సంచులు, చిరిగిన చీరలు తెట్టెలా కట్టుకుపోయి ఉండేవి. ఆ చెత్తను తిని బతికే సూక్ష్మజీవిని సత్యవేణి, కృపానందం కలిసి పెంచారు. ప్రయోగశాలలో దాని పేరు అక్షరాలూ అంకెలూ కలిపి బారెడుంటుంది. జగన్నాథపురం జనం మాత్రం దాన్ని చీపురు అన్నారు. చీపురు వదిలిన ఏడాదికల్లా నీళ్ళ అడుగున ఇసుక కనిపించింది. రెండో ఏడు కొంగలు తిరిగొచ్చాయి. మూడో ఏడు ఈ విహార యాత్ర మొదలైంది. వంతెన నుంచి పాత రేవు మీదుగా మడ అడవి దాకా, గంటన్నర ప్రయాణం.

"మా అమ్మాయే చేసిందండి ఇదంతా," అని పేరంటాలు పక్కావిడతో చెబుతోంది.

సత్యవేణి ఆ మాట వినలేదు. చేతిలో ఫోను వంకే చూస్తోంది. పది గంటలకల్లా ప్రయోగశాల నుంచి కబురు రావాలి. పది దాటి ఏడు నిమిషాలయింది.

పడవ చేపల రేవు పక్కగా వెళ్ళింది. రేవు ఖాళీగా ఉంది. రెండు నెలల వేట నిషేధం ముగిసి అయిదు రోజులే అయింది. అన్నాళ్ళూ ఇదే నీళ్ళలో తాళ్ళు కట్టుకుని ఊగిన పడవలన్నీ ఇప్పుడు సముద్రం మీద ఉన్నాయి.

"మన ధనరాజు పడవ కట్టేది అదిగో, ఆ రాటకే," అని పేరంటాలు వేలుపెట్టి చూపించింది. ధనరాజు ఆమె కొడుకు, సత్యవేణికి అన్న. మొన్న తెల్లారగట్ల వేటకు వెళ్ళాడు.

సత్యవేణి ఆ రాట వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

*

నాలుగు వారాల కిందటి సోమవారం ఆమెను వదలడం లేదు.

ఫైబరు పడవకూ ప్లాస్టిక్ సీసాకూ పుట్టుక ఒకటే. రెండూ పాలియెస్టరే. కాకపోతే పడవ చేసేటప్పుడు ఆ పాలియెస్టరు జిగురు గాజు పీచుతో కలిసి గట్టిపడి, పోగుకు పోగు ముడిపడి వల అల్లినట్టవుతుంది. ఆ ముడి విప్పడం చీపురుకు చేతకాదు. చేతకాదని నమ్మబట్టే ఏట్లో వదలడానికి అనుమతి వచ్చింది. ఆ నమ్మకం నిలుస్తోందో లేదో చూడటానికి సత్యవేణి పన్నెండు జాడీల్లో ఏటి నీళ్ళు పోసి, ఒక్కో దాంట్లో ఒక్కో ఫైబరు ముక్క వేసింది. వారానికోసారి తీసి చూసేది. మూడేళ్ళుగా ఏ మార్పూ లేదు.

ఆ సోమవారం ఏడో జాడీలో ముక్క అంచు గరుగ్గా తగిలింది. గోటితో గీరితే తెల్లటి పీచు లేచింది.

కృపానందానికి తీసుకెళ్ళి చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.

"కోసినప్పుడు రంపం లేపిన పీచమ్మా ఇది."

"మూడేళ్ళుగా లేని పీచు ఇప్పుడెందుకొస్తుంది సార్?"

"సరే. కొత్త ముక్కలతో మళ్ళీ చేద్దాం. నాలుగు వారాలు పడుతుంది. కానీ యాత్రకు అనుమతి నివేదిక ఇవాళే వెళ్ళాలి. ఒక్క ముక్క గరుగ్గా ఉందని మూడేళ్ళ పనిని ఆపుతామా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఈ ఏరు బాగుపడాలని జుట్టు నెరిసేదాకా పాటుపడ్డవాడు. సత్యవేణిని మొదట నమ్మింది కూడా ఆయనే. అవన్నీ నిజమే. వాటికంటే పెద్ద నిజం ఒకటుంది. అది రంపం గీతే అయితే బాగుండునని ఆమె కూడా కోరుకుంది. నివేదికలో ఏడో గడిలో 'మార్పు లేదు' అని రాసి కింద సంతకం పెట్టింది.

*

ఫోను మోగింది. ప్రయోగశాల నుంచి సుభాషిణి.

"మేడమ్, కొత్త ముక్కలు తీశాను." అంది ఆ అమ్మాయి. "పట్టకారుతో ఎత్తితే మధ్యకి విరిగిపోయింది."

"ఏ జాడీ?"

"అన్నీ మేడమ్. పన్నెండూ అంతే."

సత్యవేణి లేచి పడవ వెనకవైపుకు నడిచింది. అక్కడ ఎవరూ లేరు. చెక్క పలక మీద బోర్లా పడుకుని, కమ్మీల సందులోంచి చెయ్యి చాచి, నీళ్ళ గీత కింద పడవ ఒంటిని తాకింది. తెల్లరంగు పైన నున్నగానే ఉంది. బొటనవేలితో నొక్కింది. నానిన అట్టలోకి దిగినట్టు వేలు లోపలికి దిగింది. చెయ్యి పైకి తీస్తే గోటి నిండా గాజు పీచు. చురుక్కుమంటోంది.

ఈ పడవ నీళ్ళలోకి దిగి మూడు నెలలే అయింది.

ఆమె పరిగెత్తలేదు. పరిగెడితే అందరూ చూస్తారు. కుర్చీల మధ్య నుంచి, తల్లి పక్క నుంచి నడిచి ముందున్న సరంగు గదిలోకి వెళ్ళింది. సరంగు పోలయ్య గోదావరి మీద లాంచీలు నడిపి తలపండినవాడు.

"పోలయ్యగారూ, అడుగున నీళ్ళేమైనా చేరుతున్నాయా?"

ఆయన ఆమె మొహం చూసి చక్రం మీద చెయ్యి బిగించాడు. "పొద్దుట్నించీ తోడే మోటారు ఆగట్లేదండి. కొత్త పడవ గదా, ఎక్కడో బిగింపు వదులుందనుకున్నాను. ఏవండీ?"

ఆమె చెయ్యి చూపించింది. పోలయ్యకు చీపురు సంగతులు తెలియవు, పడవల సంగతి తెలుసు. గాజు పీచు చూడగానే అర్థమైంది.

సత్యవేణి కృపానందాన్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. జాడీల మాట, బొటనవేలి మాట రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన మొహంలో రంగు పోయింది.

"ముప్పావుగంటలో మడ అడవి రేవుకు చేరతాం. అక్కడ నెమ్మదిగా దింపుదాం," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు చెబితే జనం అంతా ఒక పక్కకు పరిగెడతారు. మునగడం దానివల్లే మునుగుతాం."

"ఈ మలుపు దాటితే మూడు నిలువుల లోతు సార్. ఇక్కడైతే కుడిపక్కన బురదమేట ఉంది."

"మేట మీదికి ఎక్కిస్తే అడుగు పగిలిపోతుంది!"

"పగిలితే మోకాలి లోతులో పగులుతుంది."

ఇద్దరూ పోలయ్య వైపు చూశారు.

"సారు మాట వినాలండి నేను. కానీ ఆ మోటారు మాట కూడా వినాలి గదండి," అని చక్రం కుడివైపుకు తిప్పేశాడు.

కృపానందం నుదుటి చెమట తుడుచుకున్నాడు. తలుపు తీసుకుని బయటికెళ్ళి మైకు అందుకున్నాడు. అదే హుషారు గొంతుతో, "ఇక్కడ కాసేపు ఆగి మడ చెట్లను దగ్గరగా చూద్దాం. అందరూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చోండి," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

పడవ మూతి మెత్తగా బురదలోకి దూరింది. ఒక నిట్టూర్పు లాంటి చప్పుడు. తర్వాత కాళ్ళ కింద ఏదో చిరిగింది. నీలం తివాచీ మధ్యలో ఒక నల్లటి మరక పుట్టి, చూస్తుండగానే చాపంత అయింది. కాళ్ళకు నీళ్ళు తగలగానే ఎవరో కెవ్వుమన్నారు. నలభై మందీ ఒక్కసారి లేచారు. పడవ ఒరిగింది.

"కూకోండి!" అని పేరంటాలు అరిచిన అరుపుకు అందరూ ఆగిపోయారు. రేవులో వందమంది బేరగాళ్ళ మీద అరిచిన గొంతు అది. "ఎక్కడోళ్ళక్కడ కూకోండి! ఇది మునిగేంత నీరు కాదు. చెప్పులిప్పెయ్యండి, బురదలో చెప్పులుంటే కాలు ఊడిరాదు. చంటిపిల్లలోళ్ళు ముందు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఈ పక్కకే రండి."

ముందు తనే దిగింది. మోకాలి దాకా బురదలో నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దించింది. పావుగంటలో అందరూ మడ చెట్ల నీడకు చేరారు. పడవ నడుము విరిగిన పశువులా వాళ్ళ వెనకాల కూలబడింది.

సత్యవేణి అందరినీ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. నలభై. ఊపిరి పీల్చుకుంటుండగా తల్లి దగ్గరికొచ్చింది. ఆమె పడవనే చూస్తోంది.

"అమ్మడూ, ఇదీ ఫైబరే గదా?"

సత్యవేణి తలూపింది.

"మూణ్ణెల్లకే ఇలాగైపోతే, రెండు నెలలు ఇదే నీళ్ళలో కట్టేసిన పడవలు..." పేరంటాలు మాట అక్కడ తెగిపోయింది. "నా కొడుకు ఎక్కడున్నాడే?"

*

పడవ పైభాగం ఇంకా నీళ్ళ మీదే ఉంది. సత్యవేణి బురదలోంచి తిరిగి పైకెక్కి సరంగు గదిలోకి దూరింది. పోలయ్య అప్పటికే వైర్‌లెస్ సెట్టు తీసి వేటగాళ్ళు మాట్లాడుకునే ఛానెలు పట్టాడు. కృపానందం గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ముందు పైవాళ్ళకు చెప్పాలి సత్యవేణీ. నిర్ధారణ లేకుండా మూడు వందల పడవల్ని వెనక్కి రమ్మంటే ఏమవుతుందో ఆలోచించావా?"

"నిర్ధారణ మీద నిలబడి ఉన్నాం సార్ మనం."

ఆయన తప్పుకున్నాడు. ఆమె మీట నొక్కింది.

"సముద్రం మీదున్న ఫైబరు పడవలన్నిటికీ. నేను సంగాడి సత్యవేణిని. పేరంటాలు కూతుర్ని. దయచేసి అందరూ వినండి."

గరగరమని చప్పుడు. ఎవరిదో గొంతు వచ్చింది. "ఏంటమ్మా, గాలీవానా ఏమన్నా వచ్చేత్తందా? ఇక్కడ అంతా బాగానే ఉందే."

"గాలివాన కాదు. పడవ. మీ పడవలకి ప్రమాదం. నీళ్ళ గీత కింద చెయ్యి పెట్టి బొటనవేలితో నొక్కి చూడండి. వేలు దిగితే వెంటనే వెనక్కి తిరగండి."

రెండు మూడు గొంతులు నవ్వాయి. "రెండు నెలలు కూకుని ఇప్పుడే వలేశాం తల్లీ. ఇప్పుడా పరాచికాలు?"

"ఆగండ్రా." ఇంకో గొంతు. ముసలిది, నిదానంగా ఉంది. "అమ్మడూ, నేను తాతారావుని. మీ అన్నయ్య పడవలోనే ఉన్నాను. ఉండు, సూత్తాను."

తాతారావును సత్యవేణి చిన్నప్పటినుంచీ బాబాయనే పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. ధనరాజుకు వలవెయ్యడం నేర్పింది ఆయనే. సెట్టులో అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. పేరంటాలు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మడూ." ఈసారి ఆ గొంతులో నిదానం లేదు. "దిగిపోతందే. కణుపు దాకా దిగిపోయింది."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సెట్టు నిండా ఒకరి మీద ఒకరు అరుపులు. "మాదీ అంతే!" "మా వెనకపక్క మెత్తగా ఉంది!" ఆ అరుపుల్లోంచి ధనరాజు గొంతు వచ్చింది. "వేణీ, ఏం చెయ్యాలో చెప్పు."

ఆమెకు చీపురు గురించి తెలుసు, మునిగే పడవను ఎలా తేవాలో తెలియదు. పోలయ్య చెబుతుంటే ఆమె పలికింది. మంచుగడ్డలు పారబొయ్యండి. చేపలూ పారబొయ్యండి. తడి వల కోసెయ్యండి. ఇంజను మెల్లగా నడపండి, అదురుకు అడుగు విడిపోతుంది. ఒంటరిగా ఎవరూ రావద్దు, రెండేసి పడవలు జతగా రండి. దూరంగా ఉన్నవాళ్ళకి ఈ మాట అందించండి.

"ఇయ్యన్నీ పారబోసేశాక ఇదంతా ఉత్తదని తేలితే?" అని ఎవరో అడిగారు.

సత్యవేణి మీట మీద వేలుంచి తల్లి వైపు చూసింది.

"తేలదు. ఆ చీపురు చేసింది నేనే. ఫైబరు ముక్క చెడిపోతోందని నెల కిందటే చూశాను. చూసి కూడా బాగుందని రాసి సంతకం పెట్టాను. నా మీద కోపం ఒడ్డుకొచ్చాక తీర్చుకోండి. ముందు రండి."

పేరంటాలు మొహంలో ఏదో మారింది. గుమ్మం వదిలి బయటికి వెళ్ళిపోయింది.

*

పక్క ఊరి చెక్క నావలు వచ్చి ప్రయాణికులను ఒడ్డుకు చేర్చాయి. సత్యవేణీ, తల్లీ మధ్యాహ్నానికి చేపల రేవుకు వచ్చేసరికి అక్కడ నిలబడటానికి చోటు లేదు. ఆడవాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు. అందరి కళ్ళూ ఏరు సముద్రంలో కలిసే మొగ వైపే.

రెండు గంటలకు మొదటి జత వచ్చింది. ఖాళీ కడుపులతో పడవలు నీళ్ళ మీద ఎత్తుగా తేలుతున్నాయి. మగవాళ్ళు గట్టెక్కకముందే ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగి పడవ ఒంటిని వేళ్ళతో నొక్కి చూసుకున్నారు. తర్వాత రెండు, ఆ తర్వాత ఆరు, ఆపైన గుంపులు గుంపులు. కొన్ని పడవల్లో పదేసి మంది ఉన్నారు. అంటే జతలో రెండోది మునిగిపోయిందన్నమాట.

అయిదు దాటింది. ధనరాజు పడవ రాలేదు. పేరంటాలు కూతురికి నాలుగడుగుల దూరంలో నిలబడింది. పొద్దుట్నుంచీ ఆ దూరం తగ్గలేదు.

వచ్చిన ప్రతి పడవనీ సత్యవేణి అడిగింది. "ఎనకాల వత్తన్నారు" అన్నారు కొందరు. "సూళ్ళేదు" అన్నారు కొందరు. కొందరు ఆమె ఎవరో గుర్తుపట్టి జవాబివ్వకుండా పోయారు.

ఎండ ఎర్రబడుతుండగా, రంగు పోయిన ఒక పడవ వచ్చింది. అందులో ధనరాజు ఉన్నాడు. ఒళ్ళంతా తడిసి, చలికి వణుకుతున్నాడు. పేరంటాలు నీళ్ళలోకి దిగి వాడి మొహం, భుజాలు, చేతులు తడిమింది. వాడు తల్లిని మెల్లగా పక్కకు జరిపి సత్యవేణి దగ్గరికి వచ్చాడు.

"ఇంకో నాలుగు మైళ్ళలో ఒడ్డనగా అడుగు విడిపోయింది. తాతారావు బాబాయి ఇంజను గుంటలో కూకుని నీళ్ళు తోడతన్నాడు. లెగమంటే లెగలేదు. నేను తోడకపోతే జత పడవ మీ దగ్గరికొచ్చేదాకా మన పడవ ఆగదురా అన్నాడు. మేం ముగ్గురం జత పడవలోకి దూకాం. ఎనక్కి చూసేసరికి పడవా లేదు, బాబాయీ లేడు."

సత్యవేణి అతని వెనకున్న పడవలో మనుషుల్ని లెక్కపెట్టింది.

"ఇంతమందీ నీ కబురు వల్లే బతికొచ్చారని రేవంతా అంటన్నారు," అన్నాడు ధనరాజు. "మరి బాబాయి ఎవరి వల్ల రాలేదే?"

ఆరోజు మూడు వందల పైచిలుకు పడవల్లో తొమ్మిది మునిగాయి. పోయింది ఒక్క మనిషి.

*

ఆ వారమంతా ఉప్పుటేట్లో మందు కలిపారు. చీపురు చచ్చింది. దానితోపాటు చేపలూ పీతలూ తెల్లగా తేలాయి. బతికిన పడవలన్నీ ఒడ్డుకు లాగి బోర్లించారు. ఇది ఎవరూ ఊహించలేని మార్పు అని ప్రయోగశాల ప్రకటించింది.

విచారణకు ముందురోజు కృపానందం సత్యవేణిని పిలిచాడు. వారంలో మనిషి సగమైపోయాడు.

"ఎవరికీ తెలియదనే చెబుదాం. ఏడో జాడీ సంగతి మన ఇద్దరికే తెలుసు, కాగితం మీద ఎక్కడా లేదు. ఆ వైర్‌లెస్ మాటలంటావా, కంగారులో అన్నావని నేను చెబుతాను."

"కాగితం మీద నా సంతకం ఉంది సార్."

"అది నిన్ను కాపాడుతుంది సత్యవేణీ. మార్పు లేదనేగా ఉంది!"

మర్నాడు పొద్దున్నే ఆమె తాతారావు ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య కాసులమ్మ గుమ్మం ముందు కూర్చుని పాత వల చిక్కు విప్పుతోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. సత్యవేణి ఆమె ఎదుట నేల మీద కూర్చుని మొదటినుంచీ చెప్పింది. జాడీ, గరుకు అంచు, గోటికి లేచిన పీచు, నాలుగు వారాలు. కాసులమ్మ వేళ్ళు ఆగలేదు.

అంతా అయ్యాక అడిగింది. "సంతకం పెట్టేటప్పుడు నీకు తెలుసా?"

"అనుమానం ఉంది పిన్నీ."

"అనుమానవంటే?"

"రంపం గీతే అయితే బాగుండునని అనుకున్నాను. అనుకుని అదేనని రాసేశాను."

కాసులమ్మ వేళ్ళు ఆగాయి. "ఈ మాట ఇంకెవరితో చెప్పావ్?"

"ఆవేళ వైర్‌లెస్‌లో పడవలోళ్ళందరికీ చెప్పాను."

"అది గాల్లో మాట. పోద్ది. ఎవరన్నా రాసుకున్నారా?"

"లేదు. పదకొండింటికి విచారణ ఉంది. అక్కడ రాసుకుంటారు."

"మీ పెద్దాయన ఏం చెప్తాడు?"

"ఎవరికీ తెలియదని."

కాసులమ్మ వల పక్కన పెట్టి లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టింది.

"ఎక్కడికి పిన్నీ?"

"నువ్వు చెప్తావో లేదో నేను చూడాలి గదా," అంది కాసులమ్మ. "ముందు నువ్వు నడు."

సత్యవేణి నడిచింది. సందు దాటే దాకా వెనక అడుగుల చప్పుడు ఒకటే ఉంది. రోడ్డు మీదికొచ్చేసరికి అవి రెండయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తే కాసులమ్మ పక్కన తల్లి నడుస్తోంది.